రెండో పిలుపుకీ మూడో పిలుపుకీ మధ్య

కొత్తపేటలో మా అపార్ట్‌మెంటు పై అంతస్తులో అన్నపూర్ణ గారని ఉంటారు, తెనాలి వైపు మనుషులు. ఆవిడ చిన్న కూతురు హారిక సినిమాల్లో పనిచేస్తుంది. ఏం పనమ్మా అని అడిగితే "అన్నీనండీ ఆంటీ, ఒక్క యాక్టింగ్ తప్ప" అంటుంది. మొన్నొక సాయంత్రం ఆ పిల్ల లిఫ్టులో కలిసి, "ఆంటీ, మీ నాన్నగారు కోర్టులో చేసేవారని అమ్మ చెప్పింది. అబ్దుల్లాపూర్‌మెట్ దాటి చాలా దూరం లోపలికెళ్తే పాత కోర్టొకటుంది, వెనకాలే బుల్లి జైలు. అది మీదేనా?" అంది. జైలు మీదేనా అని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. మా అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది. నేను దిగలేదు. ఆ పిల్లతోపాటే పైకి పోయి, అన్నపూర్ణ గారి సోఫాలో కూర్చుని, అవును మాదే అన్నాను. అక్కడ వాళ్ళ షూటింగ్ జరుగుతోందట. మర్నాడు కారులో తీసుకెళ్తానంది.

మా అమ్మ పోయి అప్పటికి ఒక వానాకాలం గడిచింది. చివరి పదేళ్ళూ నా దగ్గరే ఉంది. చెవులు సరిగా వినపడక టీవీ పెద్దగా పెట్టుకునేది, పక్కవీధి కోచింగ్ హాస్టలు పిల్లలు కిటికీలోంచి "అమ్మమ్మా, రేపు మాకు పరీక్ష" అని బతిమాలుకునేవాళ్ళు. చాయ్‌కైనా బువ్వకైనా గది బయట నిలబడి మూడుసార్లు పిలవడం మా ఇంటి పద్ధతి. రెండో పిలుపుకే ఆమె "ఆఁ" అనేది. మూడో పిలుపు దాకా రానివ్వడం నామోషీ ఆమెకు. ఆమె పోయిన రోజు పొద్దున రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలవకుండానే గదిలోకి వెళ్ళాను.

ఈ మూడు పిలుపుల సంగతి తెలియాలంటే మా నాయిన సంగతి చెప్పాలి. నాయిన పేరు బుచ్చయ్య. కోర్టులో బంట్రోతు. బంట్రోతు అంటే ఫైళ్ళు మోసేవాడని ఇప్పటివాళ్ళు అనుకుంటారు. ఫైళ్ళు ఎవడైనా మోస్తాడు. మా నాయిన పిలిచేవాడు. కోర్టు హాలు గడప మీద నిలబడి, తలరుమాలు సర్దుకుని, "వాది ఫలానా... హాజర్ హై!" అని కేక పెడితే రోడ్డవతల బండ్ల అడ్డ దగ్గర ఎద్దులు కూడా తలెత్తేవి. మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకీ మనిషి రాకపోతే కేసు కొట్టేస్తారు. పిలిచేవాడు గడప దాటి కిందికి దిగకూడదని నాయిన నియమం. దిగి వెళ్ళి ఒకర్ని పిలుచుకొస్తే వాళ్ళ పక్షం వహించినట్టేనట. చట్టంలో ఈ మాట ఉందో లేదో తెలియదు గానీ నాయిన చట్టంలో గట్టిగా ఉంది.

అయితే అదే నాయిన గడప దాటకుండా చేసే మోసం ఒకటుంది. మొదటి పిలుపు, రెండో పిలుపు వెంటవెంటనే వచ్చేవి. రెండోదయ్యాక ఆయనకు దాహమేసేది. వరండాలో ఇసుక మీద కుండ ఉండేది. మూత తీసి, లోటా ముంచి, తాపీగా తాగి, మూతి తుడుచుకుని, రుమాలు విప్పి మళ్ళీ చుట్టుకుని అప్పుడు మూడో పిలుపు. ఈలోపు బస్సు దొరకనివాడు, చిలక బీడీ కోసం పోయినవాడు, చెట్టుకింద కునుకు తీసినవాడు పరుగెత్తుకొచ్చేవాడు. ఎవరు జడ్జీగా వచ్చినా మా నాయిన దాహానికి అడ్డు చెప్పలేదు. అంతసేపూ పైకప్పు దూలాలు చూస్తూ కూర్చునేవాళ్ళు.

కోర్టు ముందు, జైలు వెనక, రెంటికీ నడుమ మా రెండు గదుల క్వార్టరు. ఊళ్ళో ముసలివాళ్ళకు ఒక వాదులాట ఉండేది, మొదట కోర్టు కట్టారా జైలు కట్టారా అని. నైజాం కాలంలో ముందు కచ్చేరి వచ్చిందని కొందరు, కాదు, ముందు జైలు కట్టి అది ఖాళీగా ఉండటం చూడలేక కోర్టు పెట్టారని కొందరు. సున్నపు గోడలు మూరెడు మందం, ఎండాకాలం కూడా లోపల చల్లగా ఉండేది. ఆ చల్లదనం కోసమే చిన్న నేరాలు చేసేవాళ్ళున్నారని వార్డరు ఖాజా మియా అనేవాడు. ఆ జైలుకో విశేషం ఉంది. తలుపు చేసిన వడ్రంగి పుట్టినప్పటినుంచీ ఇళ్ళ తలుపులే చేసినవాడు. అలవాటు కొద్దీ గడియ లోపలివైపు పెట్టాడు. తర్వాత ఎవరో చూసి నాలుక్కరుచుకుని బయట తాళం కొండీ కొట్టించారు గానీ లోపలి గడియ తీయించే ఉత్తర్వు ఎన్నడూ రాలేదు. అందుచేత మధ్యాహ్నం ఖైదీలు లోపలినుంచి గడియ పెట్టుకుని పడుకునేవాళ్ళు. ఖాజా మియా బయట తాళం తీసి, తలుపు తట్టి, "అరె భాయ్, జర తియ్యుండ్రి, లెక్క చూసుకోవాలె" అని బతిమాలుకునేవాడు. "చాయ్ తెచ్చినవా మియా?" అని లోపలినుంచి అడిగేవాళ్ళు.

మా ఇంట్లో అన్నీ కోర్టు వాసనే. పొద్దున లేస్తే లక్క, సిరా, పాత కాగితాలు, సున్నం తడిసిన వాసన. దాంట్లోకి అమ్మ చేసే పచ్చిపులుసు పోపు వాసన కలిసేది. కోర్టు నడుస్తున్నంతసేపూ క్వార్టర్లో ఎవరూ గొంతెత్తకూడదు. హాలు వెనక కిటికీ సరిగ్గా మా వాకిట్లోకే ఉండేది. అందుకని అమ్మ కొత్త పెళ్ళికూతురిగా వచ్చిన రోజే నాయిన చెప్పాడట, "కొట్లాట ఉంటే ఐదు గొట్టినంక పెట్టుకుందాం" అని. అమ్మ ఆ మాటకు కట్టుబడింది. పొద్దున నాయిన కూర బాగాలేదంటే సాయంత్రం దాకా ఒక్కమాట అనేది కాదు. కోర్టు లేచిన గంట మోగగానే, నాయిన ఇంకా గుమ్మంలోకి రాకముందే, "ఆఁ, పొద్దుగాల ఏమంటివి?" అని మొదలయ్యేది. అది కూడా గుసగుసగానే. పగలంతా గుసగుసలాడి గొంతుకు అదే అలవాటైపోయింది. నన్ను తిట్టాలన్నా చెవి దగ్గరికి లాక్కుని తిట్టేది. మా అమ్మకు గొంతే లేదని ఊరంతా అనుకునేది. నేనూ అనుకున్నాను.

అమ్మ వంటకు గడియారం నాయిన పిలుపులే. మొదటి కేసు పిలిస్తే పప్పు పొయ్యెక్కేది, నాలుగో కేసుకు బియ్యం. కోర్టుకొచ్చే వాదులూ ప్రతివాదులూ అందరూ ఆమెకు పేర్లతో తెలుసు. మొహాలు మాత్రం ఎన్నడూ చూడలేదు. రాత్రి అన్నం పెడుతూ, "గా చింతపల్లి సాయిలు కేసు ఎటు వొయింది? పాపం ఎన్నేండ్ల సంది తిరుగుతుండు" అని అడిగేది. వీళ్ళందరిలో ఆమెకు నర్సమ్మ అంటే ప్రత్యేకం. నర్సమ్మ మొగుడు పోయిన మనిషి. బావిలో ఆమెకు సగం వాటా ఉంది. మరిది మల్లయ్య బావికి కరెంటు మోటారు పెట్టి, మోటారు నాది కాబట్టి నీళ్ళూ నావే అన్నాడు. నర్సమ్మ మడి ఎండుతోంది. కేసేసి తిరుగుతోంది. మల్లయ్య వరండాలో తెల్లబట్టలేసుకుని కూర్చుంటాడు కాబట్టి ఆ వరండా ఎక్కడం ఆమెకిష్టం లేదు. రోడ్డవతల వేపచెట్టు కింద కూర్చునేది. పైగా సగం చెవుడు. మామూలు మనిషి కేక ఆమెకు అందదు. నాయిన కేక అందేది. తన పొలంలో నీళ్ళు రోడ్డు ఇవతల గడప మీద నిలబడినవాడి గొంతులో ఉన్నాయని ఆమెకు తెలుసో లేదో గానీ మా అమ్మకు తెలుసు.

ఇట్లా ఉండగా కొత్త మున్సిఫ్ గారు వచ్చారు. గోదావరి వైపాయన, పలుచటి మనిషి, ఎవర్నైనా అండీ అనేవారు. ఖైదీల్ని కూడా "ఏమండీ, ఆ గేదెని ఎందుకు తోలుకెళ్ళారు?" అని అడిగేవారు. ఆయన సామాన్లలో ఒక ఫ్రిజ్జు దిగింది. మా ఊరికి అదే మొదటిది. దాన్ని లారీలోంచి దించడానికి ఖైదీల్ని తోలుకొచ్చారు. వాళ్ళు దించాక చుట్టూ తిరిగి చూసి, "దీనికి గడియ బయటనే ఉంది" అని ఖాజా మియాకు చూపించారట. ఒక ఆదివారం మున్సిఫ్ గారి భార్య నాయినకు గిన్నెడు మంచుముక్కలిచ్చింది, పిల్లలకిమ్మని. ఎండాకాలం. క్వార్టరు దాకా తెచ్చేలోపు కరిగిపోతాయన్న భయంతో నాయిన దారిలోనే తినడం మొదలుపెట్టాడు. ఇంటికొచ్చేసరికి గిన్నెలో నీళ్ళు, ఆయన నోట్లో చివరి ముక్క. నాకు ఆ నీళ్ళే మిగిలాయి. చల్లగా ఉన్నాయని తాగాను.

సోమవారం పొద్దున నాయిన లేచి ఏదో అన్నాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అమ్మ నవ్వి, "ఇయ్యాల ఐదు గొట్టెదాంక నువ్వు గూడ ఆగాల్సిందే" అంది. తర్వాత ఆయన మొహం చూసి నవ్వాపేసింది. ఆ రోజు నర్సమ్మ వాయిదా. ఉప్పునీళ్ళు పుక్కిలింపించింది, మిరియాల కషాయం తాగించింది, తులసి, తమలపాకు, తేనె, ఏది చెప్తే అది. పక్కనున్న జైల్లోంచి ఖైదీలు గోడమీదుగా వైద్యాలు చెప్తూనే ఉన్నారు. గేదెల దొంగ ఒకడు అయితే గొంతుకు ఆముదం రాయమన్నాడు. గేదెకైతే పనిచేస్తుందట. కోర్టు గంట కొట్టే వేళకు నాయిన గొంతులోంచి పాత తలుపు కిర్రుమన్నట్టు ఒక చప్పుడు మాత్రం వచ్చింది. సెలవు పెట్టవయ్యా అంటే తల అడ్డంగా ఊపి, రుమాలు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను హాలు వెనక కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతున్నాను. బడికి సెలవులు. అమ్మ కింద పొయ్యి దగ్గర ఉంది. నేను చూసింది చూసినట్టు ఆమెకు గుసగుసగా చెప్పాలి. తక్కిన కేసులవాళ్ళు వరండాలోనే ఉన్నారు కాబట్టి నడిచిపోయాయి. నర్సమ్మ కేసు వచ్చింది. ఆమె వకీలు ఆ రోజే నల్లగొండ పోయాడు. నాయిన గడప మీదికి పోయి, "వాది నర్సమ్మా..." అన్నాడు. అన్నాడని పెదవులు చూసినవాళ్ళకే తెలుస్తుంది. వరండాలో మల్లయ్య తువ్వాలుతో మూతి మూసుకున్నాడు. రెండో పిలుపు దానికంటే సన్నంగా వచ్చింది. ఇక నాయినకు దాహమేసింది.

"ఏం జేస్తుండే?" అంది అమ్మ.

"నీళ్ళు తాగుతుండు."

లోటా ముంచాడు, తాగాడు. మళ్ళీ ముంచాడు. రుమాలు విప్పి చుట్టాడు, మళ్ళీ విప్పాడు. మళ్ళీ నీళ్ళు. మా వాకిట్లోకి లోటా కుండకు తగిలే చప్పుడు వినపడుతోంది. మల్లయ్య వకీలు లేచి, "హుజూర్, బంట్రోతు కుండ ఖాళీ చేస్తుండు" అన్నాడు. మున్సిఫ్ గారు దూలాలు చూస్తున్నారు. "దాహమండీ, ఎండాకాలం కదా" అన్నారు. ఆ దాహానికి మూలం తమ ఇంటి ఫ్రిజ్జేనని ఆయనకు తెలుసనుకుంటాను. కానీ ఎంత పెద్ద కుండయినా దానికో అడుగు ఉంటుంది. లోటా అడుగు గీరిన చప్పుడు వచ్చింది. నాయిన పొట్ట పట్టుకుని గడప మీదికి నడిచాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, తాగినవి ఎక్కువై కాదు. నేను "అమ్మా, పిలవబోతుండు" అన్నాను.

వెనక్కి తిరిగి చూస్తే పొయ్యి దగ్గర అమ్మ లేదు. కొంగు నడుముకు చెక్కుకుని, వాకిట్లో రుబ్బురోలు ఎక్కి, ప్రహరీ గోడ మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉంది.

"వాది నర్సమ్మో... హాజర్ హై!"

అట్లాంటి గొంతు నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. పెళ్ళయినప్పటినుంచీ దాచిపెట్టిందంతా ఒక్కసారే బయటికొచ్చింది. కోర్టు పైకప్పు మీద పావురాలన్నీ లేచాయి. జైల్లో ఖైదీలు లేచి నిలబడి, దేనికైనా మంచిదని లోపలి గడియ పెట్టుకున్నారు. బెంచి గుమాస్తా సిరాబుడ్డి దొర్లింది. మున్సిఫ్ గారు కూడా సగం లేచి, తాను లేవకూడదని గుర్తొచ్చి కూర్చున్నారు. రోడ్డవతల వేపచెట్టు కింద నర్సమ్మ లేచి, చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తుకొస్తోంది. బండివాడొకడు ఎద్దుల్ని ఆపి ఆమెకు దారిచ్చాడు. మల్లయ్య పక్కనుంచే వరండా ఎక్కి, గడప మీద నిలబడి, "ఒచ్చిన దొరా, నేనే నర్సమ్మను" అంది.

మల్లయ్య వకీలు ఊరుకుంటాడా? "హుజూర్, ఇది చెల్లదు. పిలిచింది కోర్టు మనిషి కాదు. బంట్రోతు పెండ్లాం. అందులోనూ గోడ అవతలినుంచి" అన్నాడు. నాయిన తల దించుకుని నిలబడ్డాడు. నౌకరీ పోయిందనే అనుకున్నాడట. మున్సిఫ్ గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, "ఎవరు పిలిచారన్నది కోర్టు వారికి అక్కర్లేదండీ. వచ్చిందా లేదా?" అన్నారు. వచ్చింది కాబట్టి కేసు నిలబడింది. ఆ ఏడే పంట చేతికొచ్చే లోపల, రోజు మార్చి రోజు నర్సమ్మ వంతు నీళ్ళని తీర్పు వచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం నర్సమ్మ మా క్వార్టరు వెతుక్కుంటూ వచ్చింది. అన్నేళ్ళనుంచి పేరు మాత్రమే తెలిసిన మనిషిని అమ్మ మొదటిసారి చూసింది. పొట్టిగా ఉంటుందనుకున్నానంది. నర్సమ్మ అమ్మ గదవ పట్టుకుని, "నువ్వా పిలిచింది? నా చెవుల్ల ఏమీ వడదు బిడ్డా. సచ్చిపోయిన మా అమ్మ పిలిచినట్టు ఇనవడ్డది, గందుకే ఉరికొచ్చిన" అని ఏడ్చింది. అమ్మ కూడా ఏడ్చింది. ఏడుపు మాత్రం మళ్ళీ గుసగుసే, ఇంకా ఐదు కొట్టలేదు కదా. నాయిన గొంతు మూడు రోజులకు తిరిగొచ్చింది. వచ్చాక మొదటి మాట, "నా నౌకరి నువ్వే జెయ్యి తియ్యి." అమ్మ పప్పు గిన్నె ముందుకు తోసి, "జేస్త. మరి నువ్వు బువ్వ వండుతవా?" అంది. మళ్ళీ ఆ ప్రస్తావన రాలేదు. ఫ్రిజ్జు మాత్రం మా ఇంట్లోకి నాయిన బతికున్నంతకాలం రానివ్వలేదు.

హారిక కారు ఎల్.బి.నగర్ చౌరస్తా దాటేటప్పుడు అక్కడి కోర్టు గుర్తొచ్చింది. మా ఫ్లాటు సంగతొకటి మాట్లాడటానికి ఒకసారి వెళ్ళాను. గోడకు టీవీలాంటిది ఉంది, దాంట్లో కేసు నంబర్లు మారుతుంటాయి. అందరూ తలలెత్తి దాన్నే చూస్తున్నారు. మంచి ఏర్పాటే, ఎవరికీ గొంతు పోదు, మంచుముక్కలు తిన్నా భయం లేదు. కానీ నా పక్కన కూర్చున్న ముసలాయనకు చదువు రాదు. నంబరు మారినప్పుడల్లా "మనదేనా బిడ్డా?" అని నన్ను అడుగుతూ కూర్చున్నాడు. ఆయన కేసు వచ్చేదాకా నా పని మానుకుని పక్కనే కూర్చోవాల్సి వచ్చింది. నంబరుకు దాహం వేయదు, అదొక్కటే నాకు పట్టింపు. ఇంట్లో అయినా అంతే. పక్కగదిలో ఉన్న మనవడిని అన్నానికి పిలవాలంటే ఫోన్ చేయాలి. రెండుసార్లు మోగాక వాడే కట్ చేస్తాడు, వస్తున్నానని దాని అర్థమట.

కోర్టు నేననుకున్నంత పాడవలేదు. కొత్త కోర్టు కట్టుకుని పోయాక దీంట్లో జప్తు చేసిన సైకిళ్ళు పెట్టారట, ఇప్పుడు సినిమావాళ్ళు వాటిని బయటపడేసి రంగులేశారు. జడ్జి బల్లమీద చెక్కసుత్తి ఒకటి పెట్టారు. "ఇదేందమ్మా?" అంటే "ఆర్డర్ ఆర్డర్ అని కొట్టడానికి ఆంటీ" అంది హారిక. మా మున్సిఫ్ గారు బల్లమీద పెన్సిలు కూడా గట్టిగా పెట్టేవారు కాదు. జైలు దగ్గరికి పోతే ఇంకా విచిత్రం. అసలు జైలు పక్కనే అట్టముక్కలతో, పెద్ద పెద్ద ఊచలతో ఇంకో జైలు కట్టారు. "అసలుది జైల్లా లేదని మా ఆర్ట్ డైరెక్టర్ గారు ఒప్పుకోలేదు ఆంటీ. పైగా గడియ లోపలుంది. ఎవరైనా నమ్ముతారా చెప్పండి?" అంది. ఆ పాత గడియ మీద చెయ్యి వేసి చూశాను. వేళ్ళ రాపిడికి నున్నగా ఉంది. మా వాకిట్లో రుబ్బురోలు అట్లాగే ఉంది. దానిమీద ఎవరో లైటు పెట్టారు.

హాల్లో ఒక కుర్ర నటుడు ఖాకీ బట్టలేసుకుని గడప దాటి, మెట్లు దిగి, ఒక్కసారి కేకేసి వెనక్కి వస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "గడప దిగొద్దు. మూడుసార్లు పిలవాలె. ఎవరు చెప్పిన్రు మీకు?" అన్నాను. అందరూ తిరిగి చూశారు. హారిక నవ్వి, "పోనీ మీరే ఒకసారి చేసి చూపించండి ఆంటీ, వాడు నేర్చుకుంటాడు. ఏ పేరైనా పర్లేదు" అంది.

గడప మీద నాయిన నిలబడే చోట రాయి కొంచెం లోపలికి అరిగి ఉంది. అక్కడ నిలబడ్డాను. కొంగు నడుముకు చెక్కుకున్నాను. పేరు కోసం వెతుక్కోలేదు.

"సత్తెమ్మో... హాజర్ హై!"

మా అమ్మ పేరు. నా గొంతులో అంత కేక ఉందని నాకే తెలియదు. పావురాలు లేచాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, వాటి మనవలో మునిమనవలో. లైట్లవాళ్ళు పని ఆపేశారు. రెండోసారి పిలిచాను. రోడ్డవతల వేపచెట్టు లేదు, టీ కొట్టుంది. దాని ముందు నిలబడ్డవాళ్ళు తలెత్తి చూశారు. వాళ్ళలో ఎవరూ నాకు తెలిసినవాళ్ళు కారు.

కాసేపు చూసి, హారిక నెమ్మదిగా, "మూడోది, ఆంటీ?" అంది.

"జర ఆగు బిడ్డా," అన్నాను. "నీళ్ళు తాగనీ."